గణకలోకం: నక్షత్రం గుర్తు చెప్పే లెక్క

2011 ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు జనాభా లెక్కల సిబ్బంది దేశమంతటా ఇల్లిల్లూ తిరిగారు. అంకెలన్నీ సరిచూసి ప్రకటించేసరికి భారతదేశ జనాభా 121,08,54,977 అని తేలింది. వీరిలో మతమేదో తెలుపబడనివారు 28,67,303 మంది. జనాభా లెక్కల శాఖవారు ఈ 28 లక్షల పైచిలుకు మందిని ఏ మతం పద్దులోనూ కలపలేదు. అలాగని వదిలివేయనూ లేదు. 'తెలుపనివారు' అని వారికొక గడి ప్రత్యేకంగా కేటాయించి, ఆ అంకెను కూడా తక్కిన అంకెల సరసన అచ్చువేశారు. అందువల్లనే మతాలవారీ అంకెలన్నింటినీ ఆ గడితో సహా ఎవరు కూడి చూసినా, దేశ జనాభా చిట్టచివరి మనిషి వరకు సరిపోతుంది.

ఇందులో ఒక సూక్ష్మం ఉంది. 'దేశంలో ఎంతమంది ఉన్నారు?' అన్నది ఒక ప్రశ్న. 'మతం తెలిపినవారు ఎంతమంది?' అన్నది వేరొక ప్రశ్న. మొదటిదానికి జవాబు 121,08,54,977 కాగా, రెండవదానికి జవాబు 120,79,87,674. దస్తరం ఒక్కటే, అందులోని మనుషులూ వారే. ప్రశ్న మారింది కనుక జవాబు మారింది. మొదటి ప్రశ్న అడగబోయి రెండవ ప్రశ్న అడిగినవాడు, ఏ దురుద్దేశమూ లేకుండానే, 28 లక్షలమందిని దేశంలో లేకుండా చేసినవాడౌతాడు.

బ్యాంకు పద్దులు, రేషను కార్డులు, రైలు టిక్కెట్లు, పరీక్షల మార్కులు ఇప్పుడు కంప్యూటర్లలోని పట్టికలలో ఉంటున్నాయి. వాటిని లెక్కించే ఆదేశంలో పైన చెప్పిన రెండు ప్రశ్నలకూ మధ్యనున్న తేడా అంతా కుండలీకరణాల నడుమ ఉంచే ఒక చిన్న గుర్తు మీద ఆధారపడి ఉంటుంది. ఆ గుర్తు నక్షత్రం. ఈ మాసపు 'గణకలోకం' దానిని గురించే.

ప్రశ్నించే భాష

కంప్యూటరులో సమాచారాన్ని అడ్డు వరుసలు, నిలువు వరుసలు గల పట్టికలుగా భావించవచ్చునని, ఆ పట్టికలు లోపల ఎక్కడ ఎలా భద్రపరచబడ్డాయో తెలియనక్కరలేకుండానే వాటిని వాడుకోవచ్చునని 1970లో ఎడ్గార్ కాడ్ అనే శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించాడు. ఆయన అప్పుడు అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థవారి శాన్ హోసే పరిశోధనాలయంలో పనిచేస్తున్నాడు. ఈ సిద్ధాంతానికి తగిన భాషను అదే సంస్థకు చెందిన డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ అనే ఇద్దరు రూపొందించి, 1974లో 'సీక్వెల్' అనే పేరుతో లోకానికి పరిచయం చేశారు. బ్రిటనులోని ఒక విమాన సంస్థకు ఆ పేరు మీద అప్పటికే వ్యాపార హక్కు ఉండడంతో, అది కుదించుకొని 'ఎస్.క్యు.ఎల్.' అయింది.

1986లో అమెరికా ప్రమాణాల సంస్థ, 1987లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఈ భాషకు ప్రామాణిక రూపం కల్పించాయి. ఒరాకిల్, మై ఎస్.క్యు.ఎల్., పోస్ట్‌గ్రెస్, మైక్రోసాఫ్ట్‌వారి ఎస్.క్యు.ఎల్. సర్వర్ మొదలైనవి వేరువేరు కంపెనీలు, బృందాలు తయారుచేసినవి. ఐనా గోదావరి జిల్లా తెలుగు, రాయలసీమ తెలుగు, తెలంగాణ తెలుగు ఒకే భాష ఐనట్లే, యాసలు వేరైనా ఇవన్నీ మాట్లాడేది ఒకే భాష. లెక్కించుటకు ఆ భాషలో ఉన్న మాట 'కౌంట్'.

ఒక పట్టిక, మూడు లెక్కలు

ఒక మండలంలో వృద్ధాప్య పింఛను పొందేవారి పట్టిక ఉన్నదనుకొందాం. అందులో 500 వరుసలు. ఒక్కొక్క వరుసకు పేరు, ఊరు, ఫోను నంబరు అనే మూడు గడులు. ఐదువందల మందిలో 430 మంది ఫోను నంబర్లు మాత్రమే నమోదైనాయి. మిగిలిన 70 గడులు ఖాళీ. నమోదైనవాటిలో కొన్ని నంబర్లు భార్యాభర్తలిద్దరికీ ఒకటే కావడంవల్ల, వేరువేరు నంబర్లు 390 మాత్రమే.

ఈ పట్టికను మూడు విధాల లెక్కించవచ్చు. కౌంట్(*) అని రాస్తే, అంటే కుండలీకరణాల నడుమ నక్షత్రం ఉంచితే, వచ్చే జవాబు 500. నక్షత్రానికి ఇక్కడ 'వరుసలో ఏమున్నా, ఏమి లేకపోయినా సరే, వరుసను లెక్కించు' అని అర్థం. కౌంట్(ఫోను) అని రాస్తే జవాబు 430. ఇది వరుసల లెక్క కాదు, ఫోను గడిలో ఉన్న విలువల లెక్క. కౌంట్(డిస్టింక్ట్ ఫోను) అంటే 390. ఇది ఒకదానికొకటి భిన్నమైన విలువల లెక్క.

మూడు జవాబులూ సరైనవే. ఏ ప్రశ్నకు ఏది జవాబన్నదే తెలియవలసిన విషయం. మండలానికి ఎంత పైకం పంపాలన్న ప్రశ్నకు రెండవ జవాబు ఇచ్చినట్లయితే, ఫోను లేని డెబ్భైమంది ముసలివారికి ఆ నెల పింఛను అందదు. యంత్రం ఎక్కడా పొరపాటు చేయలేదు. చాలాచోట్ల ఏ హెచ్చరికా చూపదు. ఇటువంటి తప్పులోని అపాయమంతా ఇదే. తప్పు ఆదేశం ఆగిపోదు. నిబ్బరంగా ఒక అంకె చెబుతుంది.

ఒకటి అనే అపోహ

వృత్తిలో ఉన్నవారిలో చిరకాలంగా ఒక నమ్మకం ప్రచారంలో ఉంది. నక్షత్రం గుర్తు పెడితే యంత్రం ప్రతి వరుసలోని గడులన్నింటినీ చదువుతుందని, అందువల్ల ఆలస్యమౌతుందని, దానికి బదులు కౌంట్(1) అని రాస్తే పని త్వరగా ముగుస్తుందని ఆ నమ్మకం సారాంశం.

ఈ అపోహకు కారణం లేకపోలేదు. ఇదే భాషలో 'సెలెక్ట్ *' అని మరొక ప్రయోగం ఉంది. అక్కడ నక్షత్రానికి 'అన్ని నిలువు వరుసలూ చూపు' అనే అర్థం. ఒకే గుర్తుకు రెండు చోట్ల రెండర్థాలు ఉండడంవల్ల, ఒకచోటి అర్థాన్ని రెండవచోటికి మోసుకుపోయారు. కౌంట్‌లోని నక్షత్రం ఏ గడినీ చదవమనదు. వరుస ఉన్నదా లేదా అన్నదొక్కటే దానికి కావాలి.

మరి కౌంట్(1) ఏమి చేస్తుంది? కొందరనుకొనేటట్లు అది మొదటి నిలువు వరుసను లెక్కించదు. 'ఆర్డర్ బై 1' అన్నప్పుడు ఒకటి అంటే మొదటి నిలువు వరుస కావడం నిజమే కాని, ఇక్కడ ఒకటి అంటే ఒట్టి ఒకటే. యంత్రం ప్రతి వరుసకూ ఒక 'ఒకటి'ని ఊహించుకొని, అది ఖాళీ కాదు కనుక లెక్కలో వేసుకొంటుంది. ఒకటి ఎన్నడూ ఖాళీ కాదు కనుక వచ్చే జవాబు వరుసల సంఖ్యే. ఆ మాటకు వస్తే కౌంట్(0) అన్నా, కౌంట్(100) అన్నా అదే జవాబు వస్తుంది.

వేగం సంగతికి వస్తే, ఒరాకిల్ యంత్రాంగం కౌంట్(1)ను లోలోపల కౌంట్(*)గానే మార్చుకొంటుంది. మై ఎస్.క్యు.ఎల్. నిర్మాతలు తమ ఇన్నోడిబి పద్ధతిలో రెండింటికీ వేగంలో ఎట్టి తేడా లేదని తమ గ్రంథంలోనే స్పష్టంగా పేర్కొన్నారు. పోస్ట్‌గ్రెస్‌లోనైతే కౌంట్(1) రాసినప్పుడు, ఆ ఒకటి ఖాళీయా కాదా అని వరుసవరుసకూ చూసుకొనే పిసరంత పని అదనంగా పడుతూ వచ్చింది. వేగం కోసమని నేర్చుకొన్న వాడుక వేగాన్నైనా ఇవ్వలేదన్నమాట.

ఖాళీ వేరు, సున్న వేరు

పై లెక్కలన్నింటికీ మూలం 'ఖాళీ'. ఎస్.క్యు.ఎల్. భాషలో దీనిని 'నల్' అంటారు. నల్ అంటే సున్న కాదు. 'విలువ తెలియదు' లేదా 'విలువ లేదు' అని మాత్రమే దాని అర్థం. జేబులో సున్న రూపాయలున్నాయని చెప్పడం వేరు, జేబులో ఎంత ఉన్నదో తెలియదని చెప్పడం వేరు.

తెలుగువారికి ఈ తేడా పట్టుబడడం కష్టం కాదు. 'హళ్ళికి హళ్ళి, సున్నకు సున్న' అనే సామెత నేటికీ వాడుకలో ఉంది. పాత తెలుగు భిన్నాల లెక్కలలో శూన్యానికి రెండు గుర్తులుండేవి. ఒక స్థానంలో ఏమీ లేకపోతే హళ్ళి, దాని పక్క స్థానంలో ఏమీ లేకపోతే సున్న రాసేవారు. రెండూ శూన్యాన్నే సూచించినా, స్థానాన్ని బట్టి గుర్తు మారేది. ఏ గుర్తు లేకుండా వదిలిన చోటు మాత్రం శూన్యం కాదు, రాయని లెక్క. లేదని రాయడానికీ, అసలు రాయకపోవడానికీ గల ఈ భేదమే నల్ అనే భావానికి ప్రాణం.

దీనిని మరచినందువల్ల జరిగే ఒక పొరపాటు ప్రసిద్ధమైనది. పరీక్షలో ఉత్తీర్ణులైనవారిని లెక్కించదలచి ఒకరు 'ఉత్తీర్ణుడైతే 1, కాకపోతే 0 అనుకొని, వాటిని కౌంట్ చేయి' అని ఆదేశమిస్తారు. వందమంది పరీక్ష రాసి అరవైమంది గట్టెక్కితే, యంత్రం ఇచ్చే జవాబు 60 కాదు, 100. సున్న కూడా ఒక విలువే కనుక కౌంట్ దానినీ లెక్కిస్తుంది. ఆ సున్నలను రాయకుండా ఖాళీగా వదిలివేయాలి, లేదా కౌంట్‌కు బదులు 'సమ్' అనే కూడిక వాడాలి. కూడికతో కూడా ఒక చిక్కు ఉంది. ఒక్క వరుసైనా లేని పట్టికను లెక్కించమంటే కౌంట్ 0 అంటుంది. అదే పట్టికలోని అంకెలు కూడమంటే సమ్ మాత్రం సున్న అనదు, నల్ అంటుంది.

లేని బావి

కౌంట్(*) వరుసలను లెక్కించడానికి సరైనదన్నాం కదా అని, ప్రతి చోటా దానినే రాస్తే మరొక ప్రమాదముంది.

మూడు ఊళ్ళున్నాయనుకొందాం. మొదటి ఊరిలో నాలుగు బోరుబావులు, రెండవ ఊరిలో రెండు, మూడవ ఊరిలో ఒక్కటీ లేదు. ఊళ్ళ పట్టిక ఒకటి, బోర్ల పట్టిక మరొకటి. ఏ ఊరిలో ఎన్ని బోర్లున్నాయో తెలుసుకొనేందుకు రెండు పట్టికలనూ జతపరచాలి. బోరు లేని ఊరు జాబితా నుంచి జారిపోకూడదని 'లెఫ్ట్ జాయిన్' అనే పద్ధతిలో జతపరుస్తారు. ఈ పద్ధతిలో మొదటి ఊరు పేరు నాలుగు వరుసలలో, రెండవ ఊరు పేరు రెండు వరుసలలో వస్తుంది. మూడవ ఊరికి జతగా బోరు దొరకకపోయినా, ఊరి పేరు నిలిచేందుకు ఒక వరుస ఏర్పడుతుంది. అందులో బోరు గడి ఖాళీగా ఉంటుంది.

ఇప్పుడు ఊరివారీగా కౌంట్(*) వేస్తే వచ్చే జవాబులు 4, 2, 1. నీటిచుక్క లేని మూడవ ఊరికి కాగితం మీద ఒక బోరు వెలిసింది! కౌంట్(బోరు సంఖ్య) వేసి ఉంటే 4, 2, 0 అని సరైన జవాబులు వచ్చేవి. ఆ నివేదికను చూసి 'ఒక్క బోరూ లేని ఊళ్ళకు ముందుగా నిధులు' అని అధికారి నిర్ణయిస్తే, ఏ ఊరికి అవసరమో ఆ ఊరే జాబితాలో కనిపించదు. ఎండాకాలంలో బిందెలు పట్టుకొని మైళ్ళు నడిచే ఆడవారికి తమ ఊరిలో ఒక కాగితపు బావి ఉన్నదని ఎన్నటికీ తెలియదు.

కనుక నియమం ఇది. వరుసలు కావలసినప్పుడు నక్షత్రం, ఒక గడిలోని విలువలు కావలసినప్పుడు ఆ గడి పేరు. ఈ రెండింటినీ ఎవరి ఉద్దేశం ఏదో తెలిసేటట్లు రాయడమే సంప్రదాయం.

గొలుసుకట్టు రాత

కౌంట్(1) రాసినా జవాబు అదే వస్తున్నప్పుడు, నక్షత్రమే రాయాలని పట్టుబట్టడం ఛాందసం కాదా అని ఎవరైనా అడగవచ్చు. దీనికి సమాధానం యంత్రంలో దొరకదు, మనుషులలో దొరుకుతుంది.

పూర్వం ఊరి కరణాలు భూమి లెక్కలు గొలుసుకట్టు రాతలో రాసేవారు. కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం తగిలిస్తూ పోయే ఆ రాత వేగంగా సాగేది. రాసినవారికి అది స్ఫటికమంత స్పష్టం. కాని తరువాతి తరంవారు ఆ దస్తరం విప్పితే, పట్టా ఎవరిదో, సరిహద్దు ఎక్కడో చదివి చెప్పగల మనిషిని వెతుక్కోవలసి వచ్చేది. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో కరణాల వ్యవస్థ రద్దయింది. రాసిన మనిషి వెళ్ళిపోయినా, ఆ రాతల మీద ఆధారపడిన పొలాలూ, తగాదాలూ మిగిలాయి.

కంప్యూటరు ఆదేశాలకు కూడా ఇదే వర్తిస్తుంది. వాటిని రాసేది ఒకసారి, చదివేది అనేకసార్లు. చదివేవాడు తరచు వేరొకడు. రాత్రి పదకొండు గంటలకు నివేదికలో అంకె తేడా వచ్చిందని పిలిపించబడిన కొత్త ఉద్యోగికి కౌంట్(*) కనిపిస్తే, 'ఇక్కడ వరుసలు లెక్కించారు' అని క్షణంలో బోధపడుతుంది. కౌంట్(1) కనిపిస్తే ఒక్క నిమిషం ఆగి, ఇందులో ఏదైనా మర్మం ఉన్నదా అని ఆలోచిస్తాడు. కౌంట్(ఫోను) కనిపిస్తే, రాసినవారు ఖాళీలను తెలిసి వదిలారా, తెలియక వదిలారా అని పరిశీలిస్తాడు. అందరూ సంప్రదాయం పాటించే చోట ఈ మూడవ సందేహం కూడా తలెత్తదు. గడి పేరు రాసి ఉన్నదంటే ఆ గడిని ఉద్దేశించే రాశారని నమ్మవచ్చు. సంప్రదాయం విలువ ఇక్కడ ఉంది. దానిని తప్పినచోట మాత్రమే చదివేవాడు ఆగి చూస్తే సరిపోతుంది.

సెలెక్ట్, ఫ్రం, కౌంట్ వంటి భాషాపదాలను ఇంగ్లీషు కాపిటల్ అక్షరాలలోనూ, పట్టికల పేర్లను చిన్న అక్షరాలలోనూ రాసే వాడుక కూడా ఇటువంటిదే. యంత్రం దృష్టిలో భాషాపదాలకు ఏ అక్షరాలైనా ఒకటే. తెలుగు లిపిలో కాపిటల్ అక్షరాలు లేవు కనుక తెలుగు విద్యార్థికి ఇది మొదట అనవసరపు శ్రమగా తోచవచ్చు. నిడుపాటి ఆదేశాన్ని పైనుంచి కిందికి చదువుతున్నప్పుడు మాత్రం, భాష చెప్పేది ఏదో, పట్టిక చెప్పేది ఏదో ఆ తేడా వల్లనే కంటికి ఆనుతుంది.

కౌంట్ మాటకూ కుండలీకరణానికీ నడుమ చోటు వదలకూడదన్న సంప్రదాయం కొన్నిచోట్ల కేవలం అందానికి సంబంధించినది. మై ఎస్.క్యు.ఎల్.లో మాత్రం, ప్రత్యేకమైన ఏర్పాటు చేసుకొంటే తప్ప, ఆ చోటు వదిలితే ఆదేశమే చెల్లదు. అలవాటుగా పాటించినవారికి ఈ సంగతి తెలియవలసిన అవసరమే రాదు.

ఒక్క మెతుకు చాలు

లెక్కించడం నేర్చినవారు, లెక్కించనక్కరలేని సందర్భాన్ని కూడా గుర్తించాలి.

పెద్ద పట్టికలో వరుసలు లెక్కించడానికి సమయం పడుతుంది. మొత్తం ఎంతో ఒకచోట రాసి పెట్టుకోకూడదా అనిపించడం సహజం. మై ఎస్.క్యు.ఎల్.లోని పాత మైఐసామ్ పద్ధతి అలాగే చేసేది. కాని వేలమంది ఒకేసారి వాడే పట్టికలో, ఒకరు చేర్చిన వరుస ఖరారయ్యేవరకు మరొకరికి కనిపించకూడదు. అంటే ఒకే క్షణంలో ఇద్దరికి రెండు మొత్తాలు నిజం కావచ్చు. అందుచేత ఇన్నోడిబి, పోస్ట్‌గ్రెస్ వంటివి అడిగినవారికి కనిపించవలసిన వరుసలనే ప్రతిసారీ లెక్కిస్తాయి.

ఇటువంటప్పుడు 'ఈ ఊరిలో పింఛనుదారు ఒక్కరైనా ఉన్నారా?' అన్న ప్రశ్నకు అందరినీ లెక్కించి, వచ్చిన అంకె సున్న కంటె ఎక్కువా అని చూడడం వృథా శ్రమ. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు, కుండంతా కుమ్మరించనక్కరలేదు. ఆ మెతుకు పట్టి చూసే మాట ఎస్.క్యు.ఎల్. భాషలో 'ఎగ్జిస్ట్స్'. మొదటి వరుస దొరకగానే అది వెతకడం మానివేస్తుంది.

మరొక జాగ్రత్త పెద్ద అంకెలకు సంబంధించినది. మైక్రోసాఫ్ట్‌వారి ఎస్.క్యు.ఎల్. సర్వర్‌లో కౌంట్ ఇవ్వగల అతి పెద్ద జవాబు 214,74,83,647. ఆ పైన వరుసలుంటే 'కౌంట్ బిగ్' అనే వేరే మాట వాడాలి. 214 కోట్లు ఎవరికి అవసరమని ఒకప్పుడు అనిపించి ఉండవచ్చు. 2023 ఆగస్టులో మన దేశంలో యు.పి.ఐ. చెల్లింపులు ఒక్క నెలలోనే 1,000 కోట్లు దాటాయి. టీకొట్టు దగ్గర పది రూపాయల చెల్లింపు కూడా ఏదో ఒక పట్టికలో ఒక వరుసే.

ఆ పట్టికలలో ప్రతి వరుస వెనుకా ఒక మనిషో, ఒక బావో, ఒక టీ ఖరీదో ఉంటుంది. 2011 జనాభా లెక్కల పట్టికను కూర్చినవారు 28,67,303 మందికి ఒక గడి కేటాయించినప్పుడు చేసిన పని ఏమంటే, చెప్పని విషయాన్ని చెప్పలేదని రాసి, చెప్పని మనిషిని మాత్రం మొత్తంలో నిలిపారు. కౌంట్ పక్కన నక్షత్రం పెట్టే ప్రతి ఉద్యోగీ, ప్రతి విద్యార్థీ చేసేది చిన్నమెత్తున అదే పని. గడి ఖాళీగా ఉన్నంతమాత్రాన మనిషి లేకపోడు.